పెరటిలో వినవచ్చిన పాలవెల్లి

గడచిన వేసవిలో మా యింట జరిగిన యొక చిన్న కలహముతో నీ వ్యాసమును మొదలుపెట్టుట మాకే కొంత సిగ్గుగా నున్నది. కాని కలహమును దాచిపెట్టి, దానివలన మేము నేర్చుకొన్న పాఠమును మాత్రము మీకు వడ్డించుట న్యాయము గాదు. కనుక జరిగినది జరిగినట్లే వ్రాయుచున్నాము.

మా పెద్దవాడు తొమ్మిదవ తరగతి చదువుచున్నాడు. వానికి రేడియో పిచ్చి. అది పాటలు వినెడు పిచ్చి గాదు. ఎక్కడనో దూరదేశమున నెవరో పంపెడు సన్నని కూతను పట్టుకొని, ఇది ఫలానా చోటినుండి వచ్చినదని పుస్తకమున వ్రాసికొనవలెనను పిచ్చి. మా వీధి చివర, విద్యుచ్ఛాఖలో ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి గైకొన్న పెద్దలొకరు కలరు. వారు తమ పాత రేడియో పెట్టె నొకదానిని వీనికిచ్చిరి. దానికి పొడవైన తీగ కావలెనట. వాడు మమ్ముల నడుగకయే, మేము డాబామీద బట్టలారవేసికొను గుంజలకు ఈ చివరనుండి ఆ చివరకు రాగితీగ బిగించెను. ఒకనాటి మధ్యాహ్నము గాలి విసరగా గుంజ యొరగి, మేము ఎండబెట్టిన గుమ్మడి వడియములమీద పడెను. మా అత్తగారి మడిచీర తీగకు జిక్కి జానెడు చినిగెను.

మాకు పట్టరాని కోపము వచ్చెను. తీగను ఉండగా జుట్టి అటకమీద పడవైచితిమి. "చదువుకొనవలసిన యీడున ఈ తీగల గొడవ నీకేల?" యని కసరితిమి. వాడు ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పినను బాగుండెడిది. రెండు దినములు, పెట్టినది తిని, ఒక్క మాటయైన నాడక లేచిపోయెను.

మా వారు బడిపంతులు. బడిలో నెందఱు పిల్లలకో తీర్పులు చెప్పుదురు గాని, ఇంట తీర్పు చెప్పు నలవాటు వారికి లేదు. రెండవనాటి రాత్రి భోజనమైన పిదప మెల్లగా నిట్లనిరి: "అమెరికాలో నొక తల్లి, కొడుకు పెరటిలో నిలిపిన రేడియో కట్టడమునకే తా నుతికిన బట్టలు కట్టుకొని యారవేసికొన్నదట. ఇక్కడ కొడుకు నీ బట్టల గుంజకు తన తీగ కట్టినాడు. రెండును ఒకటే బేరము గదా!"

ఆ తల్లి యెవరో, ఆ కొడుకెవరో తెలిసికొనవలెనని మాకు బుద్ధి పుట్టెను. మఱునాడే ఇంజనీరుగారి యింటికి పోయితిమి. వారు చెప్పినది విని, పిదప చదివి, మేము తెలిసికొన్నదానిని మీ ముందుంచుచున్నాము.

ముందుగా ఈ వినోదమెట్టిదో చెప్పవలెను. రేడియోలో పాటలు, వార్తలు వినుట యొకటి. తానే స్వయముగా పలుకు పంపుట, అవతలివారు పంపినది పట్టుకొనుట మఱియొకటి. ఈ రెండవపనిని ధనాపేక్ష లేక, నేర్చుకొను కోరికతో చేయువారిని లోకమంతటను 'హామ్' అని పిలుతురు. మన దేశమున పండ్రెండేండ్లు నిండినవారు, ఆడవారైనను మగవారైనను, ప్రభుత్వము పెట్టు పరీక్షలో నెగ్గినచో ఇందుకు లైసెన్సు పొందవచ్చును. లైసెన్సుతో బాటు ప్రతివారికి నొక పిలుపుగుర్తు నిత్తురు. మన దేశపు హాములకు సాధారణముగా అది 'వి.యు.' అను అక్షరములతో మొదలగును. ఒకరి గుర్తు మఱియొకరికి ఉండదు. ఆకాశమున వారికి అదియే పేరు, అదియే ఇంటిపేరు.

అంతదూరము పలుకెట్లు పోవునని మేమడిగితిమి. ఇంజనీరుగారు చెప్పిన పోలిక మాకు నచ్చినది. చెఱువులో చిల్లపెంకును వాలుగా విసరినచో నీటిని తాకి, ఎగిరి, మఱల తాకి, దూరము పోవును గదా. భూమికి నూఱు కిలోమీటర్లకు పైని, సూర్యకిరణముల తాకిడిచే విద్యుత్తు నిండిన పలుచని పొరలు గలవు. హ్రస్వతరంగములు పైకి పోయి ఆ పొరల నంటి క్రిందికి వంగును. నేలను తాకి మరల పైకెగయును. ఇట్లు రెండు మూడు దూకులలో సముద్రములు దాటును. ఆ పొరలు పగలొక రీతిని, రాత్రి యొక రీతిని ఉండును. ఏ వేళ ఏ తరంగము ఏ దేశమునకు జేరునో కనిపెట్టుటయే హాముల నేర్పు. ఈ దినములలో సెల్లుఫోనులో నిమిషమున సీమనున్న బిడ్డతో మాటాడుచున్నాము. ఇంక ఈ శ్రమ యెందులకని మీరడుగవచ్చును. సెల్లుఫోనునకు నడుమ నెన్నో కంపెనీలు, స్తంభములు, సముద్రములక్రింది తీగలు కావలెను. హామ్‌నకు తన పెట్టె, తన తీగ, పైనున్న ఆకాశము చాలును.

ఒకరితో నొకరు పలుకరించుకొన్న పిదప, "ఫలానా తేదీన, ఫలానా వేళ మీ పలుకు మాకు వినవచ్చినది" యని కార్డు పంపుకొనుట వారి మర్యాద. ఇంజనీరుగారి గది గోడలనిండ అట్టి కార్డులే. వారి భార్యను మేము పిన్నిగారని పిలుతుము. ఆమె మాకు మజ్జిగ యిచ్చి, నవ్వుచు నిట్లనెను: "కాపురమునకు వచ్చిన క్రొత్తలో ఆ పెట్టె నాకు సవతి యనుకొంటినమ్మా. అర్ధరాత్రి లేచి దాని ముందు కూర్చుండెడివారు. ఒకనాడు నన్నును లేపి చెవులకు తగిలించిరి. ఎవరో ముసలాయన, సముద్రముల కవతలివాడు, మీ ఊరిలో వాన కురిసినదా యని యడుగుచున్నాడు. నాటితో సవతిమీద కోపము పోయినది. నిద్ర చెడినందుకు కోపము మాత్రము ఇంకను ఉన్నది."

ఇక మా వారు చెప్పిన తల్లీకొడుకుల కథ.

గ్రోటు రేబరు 1911వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన షికాగో నగరమున జన్మించెను. ఆ నగరమునకు చేరువనున్న వీటను అను చిన్న పట్టణమున పెరిగెను. తల్లి పేరు హారియెట్టు. ఆమె బడిలో పిల్లలకు చదువు చెప్పినది. ఆమె యొద్ద చదువుకొన్న బాలురలో ఎడ్విను హబులు ఒకడు. దూరపు నక్షత్రలోకములు మననుండి తొలగిపోవుచున్నవని 1929లో నిరూపించిన ఖగోళశాస్త్రజ్ఞు డాతడే. ఒకే తల్లి ఇద్దఱకు అక్షరభిక్ష పెట్టినది. ఒకడు ఆకాశమును కన్నులతో జూచినవాడు, మఱియొకడు రేడియోతో విన్నవాడు. బడిపంతుళ్ల యిండ్లలోని స్త్రీలము, ఈ మాట విని మేము కొంచెము గర్వించినచో మీరు మన్నింతురుగాక.

రేబరు పదునైదు పదునాఱేండ్ల యీడుననే హామ్ లైసెన్సు సంపాదించెను. వాని పిలుపుగుర్తు డబ్ల్యు 9 జి.ఎఫ్.జెడ్. తన చేతులతో కట్టుకొన్న పెట్టెతో అఱువదికి మించిన దేశములవారిని పలుకరించెను. ఆ పిదప వానికొక విచారము పట్టుకొన్నది: ఇంక జయించుటకు లోకములు లేవు గదా! కుఱ్ఱవాని యీ విచారమే తరువాతి కథకంతయు బీజమైనది. షికాగోలోని ఆర్మరు విద్యాలయమున చదివి 1933లో ఇంజనీరు పట్టము పొంది, ఆ నగరమున రేడియోలు చేయు సంస్థలలో ఉద్యోగము చేయసాగెను.

ఆ 1933లోనే వింత వార్త యొకటి వెల్లడియైనది. కార్లు జాన్‌స్కీ యను మఱియొక ఇంజనీరు, బెల్ టెలిఫోను ప్రయోగశాలలో పనిచేయుచు, సముద్రముమీదుగా పోవు రేడియో టెలిఫోను మాటలకు అడ్డువచ్చు గరగర యెక్కడిదో పరీక్షించుచుండెను. కొంత దగ్గఱి పిడుగులవలన, కొంత దూరపు పిడుగులవలన అని తేలెను. మిగిలిన యొక సన్నని బుసబుస మాత్రము ఎక్కడిదో తెలియలేదు. మొదట సూర్యునిదేమో యనుకొనెను. కాని అది దినమునకు నాలుగు నిమిషములు ముందుగా వచ్చుచుండెను.

ఈ నాలుగు నిమిషముల మాట పంచాంగము చూచు నలవాటున్న స్త్రీలకు సులభముగా బోధపడును. సూర్యుడు నడినెత్తికి వచ్చి మరల వచ్చుటకు 24 గంటలు. నక్షత్రమునకో, 23 గంటల 56 నిమిషములే. అందుచేతనే ఈ నెల సంధ్యవేళ తూర్పున కనబడిన నక్షత్రము వచ్చు నెల సంధ్యకు పైకెక్కి యుండును. నెలకు రెండు గంటలు, ఏడాదికి ఒక పూర్తి చుట్టు. కనుక ఆ బుసబుస సూర్యునిది గాదు, నక్షత్రమండలమునుండి వచ్చుచున్నదని జాన్‌స్కీ తేల్చెను. అది ధనూరాశి దిక్కున, పాలవెల్లి దట్టముగా నుండు చోట, మిక్కుటముగా నుండెను. అది మన మూలా పూర్వాషాఢల ప్రక్క చోటు. మూల యనగానే మనలో పిల్లనిచ్చువారును పుచ్చుకొనువారును ఉలికిపడుదురు. మన నక్షత్రలోకమున కంతటికి నడిబొడ్డు ఆ దిక్కుననే, సుమారు 26,000 కాంతివర్షముల దూరమున నున్నదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

మా తండ్రిగారు మమ్ము బడికి పంపలేదు. ఇంటనే అమరమును, కావ్యములను, కొంత తర్కమును చెప్పిరి. శబ్దము ఆకాశమునకు గుణమని తార్కికులు చెప్పు మాటను ఎనిమిదేండ్ల యీడున వల్లించితిమి. ఈ కథ వినగానే ఆ పాఠము మదికి వచ్చి మేను పులకించినది. కాని మేము తొందరపడితిమని ఇంజనీరుగారు సరిదిద్దిరి. నక్షత్రములనుండి వచ్చునది చెవికి వినవచ్చు శబ్దము గాదు; వెలుతురువంటి తరంగమే, నిడివి మాత్రము మిక్కిలి యెక్కువ. దానిని సద్దుగా మార్చునది రేడియో పెట్టె. పాలవెల్లిలోని ధూళి వెలుతురునకు అడ్డుపడును గాని ఈ తరంగమున కడ్డుపడదు. అందుచే కంటికి కానరాని చోట్లు కూడ దీనికి తెలియును. పూర్వుల మాటలో క్రొత్త శాస్త్రమంతయు నున్నదని చెప్పుకొనుట సులభము; అది పూర్వులకును మర్యాద గాదు, శాస్త్రమునకును మర్యాద గాదు. ఆనాడు మేము నేర్చిన రెండవ పాఠమిది.

జాన్‌స్కీ వార్త చదివిన రేబరునకు, తాను జయింపవలసిన లోకము కనబడినది. ఆ ప్రయోగశాలలోనే ఉద్యోగమిమ్మని వ్రాసికొనెను. అవి అమెరికాలో పనులు దొరకని గడ్డుదినములు, ఉద్యోగము రాలేదు. జాన్‌స్కీని పై యధికారులు వేఱు పనులకు మార్చిరి. ఖగోళశాస్త్రజ్ఞులకు రేడియో తెలియదు. రేడియో ఇంజనీర్లకు నక్షత్రములతో పనిలేదు. ఇట్లు అందఱును విడిచిన పనిని, ఇరువదియైదేండ్ల యువకుడు, సెలవుదినములలో, తన జీతపు డబ్బుతో, తల్లి యింటి పెరటిలో చేయబూనెను.

1937వ సంవత్సరము జూనులో మొదలిడి సెప్టెంబరునాటికి ముగించెను. మన వంటింటి మూకుడును తలచుకొనుడు. 31 అడుగులకు మించిన అడ్డుకొలత గల మూకుడొకటి. కఱ్ఱ వాసాలమీద జింకుపూత పూసిన యినుపరేకులు పఱచి, రేకు రేకునకు సరియైన వంపు తెచ్చి చేసినది. ఆకాశమునుండి పడిన తరంగము ఆ రేకులను తాకి వెనుకకు మరలి, పైని 20 అడుగుల యెత్తున నొక్కచోట గుమిగూడును. అక్కడ ఒక డబ్బాలో తరంగమును పట్టు సామగ్రి నుంచెను. మూకుడును ఎత్తుటకును దించుటకును పాత ఫోర్డు బండి సామానులు వాడెను. అది ఉత్తర దక్షిణములకే వంగును గాని ప్రక్కలకు తిరుగదు. తిరుగనక్కఱలేదు, భూమి తిరుగుచుండగా ఆకాశమే దానిముందు వరుసగా నడచిపోవును.

చిన్న పట్టణమున నింత పెద్ద వస్తువు మొలచినచో ఇరుగుపొరుగులు ఊరకుందురా? త్రోవ పోవువారు నిలిచి చూచెడివారట. పైని పోవు విమానములు చుట్టు తిరిగి చూచెడివట. వాన కురిసినప్పుడు నడుమనున్న రంధ్రమునుండి నీరు ధారగట్టగా, ఇది వాననీరు పట్టుకొను యంత్రమని కొందఱు, వానలనే ఆజ్ఞాపించు యంత్రమని కొందఱు చెప్పుకొనిరట. వాడలోని పిల్లలకు అది యెక్కి దిగు ఆటస్థలమైనది. తల్లి హారియెట్టునకు బట్టలారవేసికొను దండెమైనది. లోకమున తొలిసారిగా ఆకాశమును వినుటకై కట్టిన మహాయంత్రమునకు తడిబట్టలు వ్రేలాడుచుండగా మీరు మనసున చూడుడు. మేము చూచితిమి. చూచి, అటకమీది రాగితీగను తలచుకొని తలవంచుకొంటిమి.

ఇంత కట్టినను రేబరునకు వెంటనే ఫలము చేకూరలేదు. వేడి వస్తువులనుండి వచ్చు తరంగములు పొట్టివగుకొలది బలముగా నుండవలెనని నాటి శాస్త్రము చెప్పుచుండెను. కనుక మొదట 9 సెంటీమీటర్ల తరంగమునకు పెట్టె కట్టెను. ఏమియు వినబడలేదు. దానిని త్రోసివేసి 33 సెంటీమీటర్లకు కట్టెను. ఏమియు లేదు. మూడవసారి 187 సెంటీమీటర్ల తరంగమునకు కట్టెను. 1939 వసంతమునాటికి పాలవెల్లి తరంగము స్పష్టముగా చిక్కెను. పుస్తకము చెప్పినదానికి ప్రకృతి చెప్పినది విరుద్ధముగా నుండెను: తరంగము పొడవైనకొలది బలము హెచ్చుచుండెను. ఆ తరంగములు వేడిమివలన గాక, అంతరిక్షపు అయస్కాంతక్షేత్రములలో మహావేగమున సుడులు తిరుగు విద్యుత్కణములవలన పుట్టుచున్నవని 1950 తరువాతి దశాబ్దమున శాస్త్రజ్ఞులు వివరించిరి. రెండుసార్లు వట్టిచేతులతో మిగిలినవాడు మూడవసారి మానుకొని యుండినచో ఆ సంగతి ఎన్నాళ్లకు తెలిసెడిదో!

పగలు మోటారుబండ్ల నిప్పురవ్వలవలన పుట్టు గరగర అడ్డువచ్చుచుండెను. అందుచే షికాగోలో పగలు ఉద్యోగము చేసి, ఇంటికి వచ్చి భుజించి, కొంత నిద్రించి, నడిరేయి లేచి తెల్లవాఱువఱకు అంకెలు వ్రాసికొని, మరల ఉద్యోగమునకు పోయెడివాడు. ఒకటి రెండు రాత్రులు గాదు, సంవత్సరముల తరబడి. 1940లో తన ఫలితములను వ్యాసముగా వ్రాసి ఖగోళశాస్త్ర పత్రికకు పంపెను. ఈ పేరెఱుగని ఇంజనీరెవడో చూచివత్తమని శాస్త్రజ్ఞులు వీటను పట్టణమునకు వచ్చి, పెరటిలోని మూకుడును చూచి పోయిరి. సంపాదకుడైన ఆటో స్ట్రూవే ఆ వ్యాసమును ప్రకటించెను. 1944లో రేబరు ఆకాశపు తొలి రేడియో పటమును వెలువరించెను. అందు ధనుస్సునందును, హంసమండలమునందును, శర్మిష్ఠయందును తరంగములు దట్టముగా గుర్తింపబడినవి.

అది మహాయుద్ధకాలము. శత్రువుల చేతిలోనున్న హాలెండు దేశమున యాను ఊర్టు అను పండితుడు రేబరు వ్యాసమును చదివి, ఇట్టి తరంగములలో ఒక నిర్ణీతమైన నిడివి గలది యేదైన నుండునా యని తన శిష్యుడగు వాన్ డి హుల్‌స్టునకు ప్రశ్న యిచ్చెను. జలవాయువు 21 సెంటీమీటర్ల తరంగమును విడువవలెనని ఆ శిష్యుడు 1944లో లెక్కగట్టెను. 1951లో అది నిజముగనే దొరకినది. పాలవెల్లి చేతుల వంపులు దానివలననే తెలిసినవి. ఒక పెరటిలోని పని సముద్రము దాటి, యుద్ధము దాటి, ఇట్లు ఫలించినది. యుద్ధము ముగిసి ఇతరులు ఈ పనికి వచ్చువఱకు, సుమారు పదేండ్లు, లోకమందంతటను రేడియోతో ఆకాశమును పరీక్షించినవాడు రేబరొక్కడే యని చెప్పుదురు.

తరువాతి జీవితమును క్లుప్తముగా చెప్పెదము. ఆ మూకుడు ప్రభుత్వమువారి చేతికి పోయి, నేడు గ్రీను బ్యాంకు అను చోటనున్న రేడియో వేధశాల ముంగిట భద్రముగా నిలిచియున్నది. రేబరు 1954లో దక్షిణార్ధగోళమున ఆస్ట్రేలియాకు చేరిన టాస్మేనియా ద్వీపమునకు పోయి, గొఱ్ఱెలు మేయు బీళ్లలో స్తంభములు నాటి, మిక్కిలి పొడవైన తరంగములను వినుచు శేషజీవితమును గడపెను. అంతటితో నూరకుండలేదు. చిక్కుడుజాతి తీగను అది సహజముగా చుట్టుకొను దిక్కునకు ఎదురుగా చుట్టి పెంచినచో కాపు ఎట్లుండునోయని పరీక్షించి, దానిపైని వ్యాసము ప్రకటించెను! వివాహమాడలేదు. విశ్వము ఒకనాడు పుట్టినదను సిద్ధాంతమును, లోకమంతయు నొప్పుకొన్నను, తానొప్పుకొనలేదు. పట్టుదలకును మొండితనమునకును నడుమ నున్న గీటు మిక్కిలి సన్నము. యౌవనమున వానిని గెలిపించిన గుణమే ముదిమిని వానిని ఒంటరిని జేసినదేమో యని మాకు తోచుచున్నది. 2002 డిసెంబరు 20వ తేదీన, తొంబదియొకటవ ఏడు నిండుటకు రెండు దినముల ముందు, మరణించెను.

ఆ విద్య మన దేశమునకును వచ్చి వేళ్లూనినది. గోవింద స్వరూపుగారి యాజమాన్యమున 1970లో ఊటీ కొండవాలున 530 మీటర్ల పొడవున రేడియో దూరదర్శిని వెలసినది. పిమ్మట పూనా జిల్లాలోని ఖొడదు గ్రామము చేరువ, ఒక్కొక్కటి 45 మీటర్ల అడ్డుకొలత గల ముప్పది మూకుళ్లను నిలిపిరి. రేకులకు బదులు సన్నని ఉక్కుతీగల వలను పఱచి వ్యయమును తగ్గించిరి. ఇవన్నియు ఆ పెరటి మూకుడునకు మనుమలు, మునిమనుమలు.

అందఱు హాములును నక్షత్రముల జోలికి పోరు. వారు కష్టకాలమున చేయు మేలు మఱియొక విధమైనది. 1983లో హైదరాబాదున జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థ స్థాపింపబడినది. 2004 డిసెంబరులో ఆ సంస్థ పక్షమున భారతీ ప్రసాదు అను మహిళ కొందఱు సహచరులతో అండమాను దీవులకు పోయి, పోర్టుబ్లెయిరున హామ్ కేంద్రము నడుపుచుండెను. ఆ దీవులలో హాములకు అనేక సంవత్సరముల పిదప దొరకిన అనుమతి యది. లోకపు హాములను పలుకరించు వేడుకకై పోయినదే. 26వ తేదీ ఉదయమున భూకంపము, వెనువెంట సునామీ. టెలిఫోనులు మూగవోయినవి. వేడుకకై తెచ్చిన పెట్టెలే నాడు దీవులకును ప్రధానభూమికిని నడుమ వార్తలను మోసినవి. తమ వారు బ్రదికియున్నారా యని తపించుచున్న కుటుంబములకు సమాచార మందించినవి. ముందెన్నడో, పనిలేని పనియని నలుగురును నవ్విన నేర్పు, పనిబడిన నాడు సిద్ధముగా నున్నది. పనిబడిన నాడే నేర్చుకొందమన్నచో అది దొరకదు గదా!

సోదరీమణులారా! బిడ్డ చేయు ప్రతి పిచ్చిపనియు గొప్ప శాస్త్రమగునని మేము చెప్పబోము. మన పిల్లలందఱును రేబరులు గారు, కానక్కఱయు లేదు. మా విన్నప మొక్కటే. బిడ్డ చేతిలోనిది చెడుపనియా, మనకు అడ్డువచ్చు పనియా యని విడదీసి చూడవలెను. మాకు వచ్చిన కోపము వడియములకొఱకు వచ్చినది. దానికి చదువు పేరు పెట్టి వానిని కసరితిమి. అది మా తప్పు. గుంజను అడుగక వాడుకొనుట వాని తప్పు. రెండును దిద్దుకొనదగినవే.

ఇంజనీరుగారు చెప్పిన జాగ్రత్తలు కొన్ని కలవు. ఇట్టి పిల్లలున్న తల్లులకు పనికివచ్చును. కరెంటు తీగల దరిదాపులకు ఈ తీగను పోనీయరాదు. ఒరిగి పడినను వానిపై పడని చోటనే కట్టవలెను. ఉఱుములు మెఱుపులు వచ్చుసూచన కనబడగానే తీగను పెట్టెనుండి విడదీయవలెను. వినుటకు అడ్డులేదు గాని, లైసెన్సు లేక పలుకు పంపుట నేరము. పరీక్షల నెలలో రాత్రి మేలుకొనుట తగదు, ఆకాశమెక్కడికిని పోదు.

మేము అటక యెక్కి తీగను మా చేతులతోనే దింపితిమి. వాడు చూచుచు నిలుచుండెను. మా వారు బజారునుండి రెండు వెదురుగడలు తెప్పించిరి. అవి మా గుంజలకు దూరముగా, డాబా ఆ మూలను నిలిచినవి. మా అత్తగారు మాత్రము, "ఆ అమెరికా ఆవిడకు మడిబట్ట లుండవు గనుక సాగినది" యని, తన చీరను ఆ ప్రక్కకు ఎగురనీయవద్దని ఆజ్ఞాపించిరి. ఆజ్ఞ శిరసావహించితిమి.

ఆ రాత్రి పదిగంటలవేళ వాడు వచ్చి మమ్ముల డాబామీదికి పిలిచెను. చెవులకు తగిలించెను. గరగర, బుసబుస, నడుమ ఎవరిదో తెలియని భాషలో మాట. మాకు ఒక్క ముక్కయు నర్థము కాలేదు. అయినను దింపుటకు మనసు రాలేదు. మా చిన్నది పదునొకండేండ్ల పిల్ల, ప్రక్కనే నిలిచి, "నాకును లైసెన్సు నిత్తురా?" యని యడిగెను. పండ్రెండు నిండవలెనని అన్న చెప్పెను. అది క్రిందికి పోయి, గోడ క్యాలెండరులో తన పుట్టినదినమునకు ఎఱ్ఱని గీటు గీసి వచ్చినది.